మర్యాద చెంబు

రాజమ్మాళ్ నిద్ర లేవగానే ముందు ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడుతుంది. లోపల మోటారు తిరుగుతుంటే అరచేతికి సన్నటి వణుకు తెలుస్తుంది. అది తెలిసాకే వెళ్ళి మొహం కడుక్కుంటుంది. ఫ్రిజ్ ఇంటికి వచ్చిన నాటినుంచీ, ఎనిమిది నెలలుగా, ఇదే అలవాటు.

మనవరాలు బృంద చాప మీద పడుకునే నవ్వుతుంది. "అవ్వా, ఈ పొద్దు దానికి జొరం ఉండాదా?"

"గమ్మున లెయ్యి, బడికి టైమవుతా ఉంది."

చిత్తిరై నెలలో, ఎండలు ముదురుతుండగా, ఒక ఉదయం చెయ్యి పెడితే వణుకు లేదు.

ఆమె చెయ్యి తియ్యలేదు. కరెంటు పోయిందేమోనని పైకి చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది. రెండో చెయ్యి కూడా పెట్టింది. రేకు గోడలాగా ఊరికే ఉంది. తలుపు తెరిస్తే లోపల దీపం వెలిగింది. గాలి మాత్రం గదిలో గాలే. పెరుగు గిన్నె వెనక ఒక స్టీలు డబ్బా, దానిలో మూడు చిన్న సీసాలు. ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది. చల్లదనం లేదు.

బృంద ఆ ఉదయం కూడా అడిగింది, జ్వరం ఉందా అని. రాజమ్మాళ్ ఇంకో సీసా తీసి చెంపకు ఆనించుకుంది.

సీసాల్లో ఉన్నది ఇన్సులిన్. బృందకు పదకొండేళ్ళు. పోయిన ఆడి నెలలో, ఫ్రిజ్ రాకముందే, పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోయింది. బిందెలు బిందెలు నీళ్ళు తాగింది. ఆస్పత్రిలో చూసి సుగర్ అన్నారు. రోజుకు నాలుగు సూదులు, బతికినన్నాళ్ళూ. మందు ఎండకు వేడెక్కకూడదు, గడ్డకట్టకూడదు అని డాక్టరు చెప్పాడు. చెడిపోతే ఎలా తెలుస్తుందని రాజమ్మాళ్ అడిగింది. "చూస్తే తెలియదమ్మా. ఇది మంచిదైనా నీళ్ళలాగే ఉంటుంది, చెడినా నీళ్ళలాగే ఉంటుంది" అన్నాడు.

ఆ మాట ఆమెలో దిగిపోయి అక్కడే ఉండిపోయింది.

ఆమె నరికుడి పక్కన నల్లరేగడి పల్లెలో పుట్టింది. పెళ్ళై కోవిల్పట్టి వచ్చి అగ్గిపెట్టెల కంపెనీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పని చేసింది. చట్రంలో పుల్లలు పేర్చే పని. ఒకసారి పక్క షెడ్డు అంటుకుంది. మంట కంటే ముందు ఆమెకు తెలిసింది మిషన్ల చప్పుడు ఆగడం. చప్పుడు ఉన్నంతసేపూ అందరూ క్షేమం. ఆగిందంటే ఎవరికో ఏదో అయింది. కంపెనీ మానేసి ఆరేళ్ళయింది. ఆ లెక్క మాత్రం ఆమెను వదల్లేదు.

కొడుకు కుమారవేల్ లారీ నడుపుతాడు. నెలకు ఇరవై రోజులు ఊళ్ళో ఉండడు. కోడలు వసంతి పల్లీ చిక్కీలు చేసే చోట పొట్లాలు కడుతుంది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగు. గడప దాటితే తమిళం. తెలుగు రాయడం, చదవడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అది నోటి మాట. నమ్మకంగా మాట్లాడుకునే మాట.

ఫ్రిజ్ కొన్నది ఆ మాటను నమ్మే.

కోవిల్పట్టిలో ఫ్రిజ్‌లు అమ్మే అంగళ్ళు చాలా ఉన్నాయి. అయినా విరుదునగర్‌లో ఒకటి మనవాళ్ళదని ఒక పెళ్ళిలో ఎవరో అన్నారు. పిల్లకు సుగర్ తేలిన మరుసటి నెల, ఆవణిలో, అత్తాకోడళ్ళు బస్సెక్కి అక్కడికి వెళ్ళారు. వసంతి ధర గురించి తమిళంలో అడుగుతుంటే రాజమ్మాళ్ ఆమెను తెలుగులో కసిరింది. "నిదానంగా అడుగమ్మీ, ఎవురో తరుముతా ఉండేట్టు."

గల్లా దగ్గర కూర్చున్న మనిషి తలెత్తాడు. నలభై ఏళ్ళుంటాయి, నుదుట సన్నటి నామం. "మీదే ఊరు?" అని తెలుగులోనే అడిగాడు.

అతని పేరు వెంకటరామన్. అంగడి అతనిదే. పావుగంటలో అతని తల్లి ఊరూ, రాజమ్మాళ్ పుట్టిన ఊరూ ఎనిమిది మైళ్ళ దూరమని తేలింది. ఇంటిపేర్లు కలిసాయి. వరసకు ఆమె పెద్దమ్మ అయింది. అతను కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. వసంతి డబ్బు కట్టి, బిల్లు ఇవ్వమంది.

రాజమ్మాళ్ కోడలి మోచేతి మీద గిల్లింది. "వెక్కం సిగ్గూ లేదా నీకు? మనోడి తావ బిల్లా?"

వెంకటరామన్ నవ్వాడు. "ఇప్పుడే రాసిస్తా పెద్దమ్మా, కావాలంటే."

"ఒద్దబ్బీ. ఏమన్నా అయితే నువ్వుండావు గదా."

"నేనెక్కడికి పోతా?" అన్నాడతను. లోపలికి వెళ్ళి ఒక స్టీలు చెంబు తెచ్చి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. పెద్దమ్మకు ఇచ్చే మర్యాద అన్నాడు. రాజమ్మాళ్ కళ్ళు తడిసాయి. బస్సులో ఆ చెంబును ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

ఇప్పుడు ఫ్రిజ్ ఆగిపోయింది.

కుమారవేల్ లారీ మీద దూరం వెళ్ళి ఉన్నాడు. వసంతి వీధి చివర మెకానిక్ ఇసక్కిపాండిని పిలుచుకొచ్చింది. అతను వెనక చెవి పెట్టి విన్నాడు. వైరు పీకి, మళ్ళీ పెట్టాడు. తమిళంలో అన్నాడు: "కంప్రెసర్ పోయింది అవ్వా. నేను విప్పను. నేను చెయ్యి పెడితే కంపెనీ వాడు వారంటీ లేదంటాడు. కొని ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

"అయితే మీకు భయం లేదు. ఈ భాగానికి చాలా ఏళ్ళు ఇస్తారు. బిల్లు, కార్డు తియ్యండి."

కార్డు పూజ గూట్లో ఉంది. నాలుగు మూలలా పసుపు పూసి, వెంకటేశ్వరుడి పటం వెనక పెట్టారు. ఇసక్కిపాండి తెరిచి చూశాడు. తేదీ రాయాల్సిన చోట ఏమీ లేదు. అంగడి ముద్ర లేదు.

"బిల్లో?"

వసంతి అత్త వైపు చూసింది.

"పసుపు పూయడానికి గుర్తుంది, ముద్ర వేయించడానికి గుర్తు లేదు" అన్నాడు అతను. తర్వాత బృందను చూసి నవ్వు ఆపేశాడు. పిల్ల గోడ పక్కన నిలబడి, తన సీసాల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ఉంది.

పక్కింటి మహేశ్వరిప్రియ మంచి మనిషి. తన ఫ్రిజ్‌లో పెట్టుకోమంది. రెండు సీసాలు అక్కడ పెట్టారు. వాడుతున్న సీసాను ఇంట్లోనే, తడి ఇసుక పోసిన కుండలో పెట్టారు. మర్నాడు చూస్తే మహేశ్వరిప్రియ ఆ రెండు సీసాలనూ ఐసు పెట్టెలోకి మార్చింది. "పిల్ల మందు కదా, ఇంకా చల్లగా ఉండాలని" అంది. సీసాలు రాళ్ళలాగా ఉన్నాయి. వసంతి వాటిని తీసుకొచ్చి గోడ మీద పెట్టింది. ఎండకు అవి కరిగాయి. కరిగాక మళ్ళీ నీళ్ళలాగే ఉన్నాయి.

"పారెయ్" అంది వసంతి.

రాజమ్మాళ్ పారేసింది. ఇక మిగిలింది కుండలో ఒకటే. ఆస్పత్రిలో మళ్ళీ అడగవచ్చు. అడగడానికి ఆమెకు భయం. జాగ్రత్త లేని మనుషులని తిడతారేమో, ఇక ఇవ్వరేమో.

అగ్ని నక్షత్రం, నడివేసవి మండే రోజులు, మొదలైంది. పదకొండు గంటలకే వీధిలో మనుషులు ఉండడం లేదు. ఆమె గంటకోసారి ఇసుక తడిపింది. తడిపి, వేళ్ళు లోపలికి పెట్టి, సీసాను తాకి చూసింది. కొన్నిసార్లు చల్లగా అనిపించింది. కొన్నిసార్లు తన వేళ్ళే చల్లగా ఉన్నాయేమో అనిపించింది. బృంద వేలు గుచ్చి సుగర్ చూసుకుంటుంటే ఆమె అంకె కనిపించేదాకా పక్కనే నిలబడేది. రెండు వందల నలభై. మర్నాడు రెండు వందల తొంభై. ఆ మర్నాడు మూడు వందల ముప్పై.

"ఏమి తిన్నావమ్మీ?"

"నువ్వు పెట్టిందే అవ్వా."

వెంకటరామన్ ఫోను ఎత్తడం లేదు. నాలుగో రోజు పొద్దున్నే రాజమ్మాళ్ ఒక్కతే విరుదునగర్ బయలుదేరింది.

అంగట్లో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళున్నారు. వెంకటరామన్ గల్లా దగ్గరే ఉన్నాడు. అదే కుర్చీ, అదే నామం.

"ఏమబ్బీ, బాగుండావా? నేను రాజమ్మాళు, కోవిల్పట్టి."

అతను తలెత్తాడు. "చెప్పండమ్మా. ఏం కావాలి?" అన్నాడు తమిళంలో.

గుర్తు పట్టలేదేమో అనుకుంది ఆమె. ఊరి పేరు చెప్పింది. అతని తల్లి పేరు చెప్పింది. ఫ్రిజ్ నిలిచిపోయిందనీ, పిల్ల మందు దానిలో ఉంటుందనీ చెప్పింది. అంతా తెలుగులో. అతను మొత్తం విన్నాడు. కనురెప్పలు ఒకసారి వాలాయి. గుర్తు పట్టాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"బిల్లు ఉందా అమ్మా?" మళ్ళీ తమిళమే.

"బిల్లా? నువ్వే గదబ్బీ రాసిస్తానంటివి. నేనే గదా ఒద్దంటిని."

"బిల్లు లేకపోతే మా దగ్గర కొన్నారని ఎలా నమ్మమంటారు? ఊళ్ళో పాతిక అంగళ్ళున్నాయి."

"నాతో మన మాటలో మాట్లాడబ్బీ."

"కొంచెం పక్కకు జరగండమ్మా. వెనక వాళ్ళు నిలబడి ఉన్నారు."

ఆమె పక్కకు జరిగింది. కాళ్ళు వాటంతటవే జరిగాయి. అతని మొహంలో కోపం లేదు. తలుపు తీస్తే దీపం మాత్రం వెలిగే ఫ్రిజ్‌లాగే ఉన్నాడు. ఆమె అరవై ఆరేళ్ళ జీవితంలో తెలుగులో పలకరిస్తే తమిళంలో బదులిచ్చిన మనవాడు అతనొక్కడే. దానికి ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బస్సు సాత్తూరు దాటుతుండగా ఫోను మోగింది. వసంతి.

"అత్తా, బృంద వాంతి చేసుకునింది. పిలిస్తే పలకడంల్యా. ఊపిరి రొప్పుతా ఉంది. ఆస్పత్రికి ఎత్తుకోని పోతా ఉండా."

ఫోను ఆగిపోయింది. రాజమ్మాళ్ దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. కిటికీలోంచి వేడిగాలి. ముందు సీట్లో ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. బస్సు ఇంజను చప్పుడు వింటూ కూర్చుంది. ఆగవద్దు, ఆగవద్దు అని దానితో అంది. ఊరి బయట రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడు. గేటు తెరిచేదాకా ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ఆస్పత్రిలో బృంద కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చూపు లేదు. నోట్లోంచి మగ్గిపోయిన పండు వాసన. రెండు చేతులకూ సూదులు. రాజమ్మాళ్ పిల్ల అరికాలి మీద చెయ్యి పెట్టింది. కాలు చల్లగా ఉంది. ఇన్నాళ్ళూ దేనికోసం వెతికిందో ఆ చల్లదనం.

డాక్టరు అడిగాడు. "మందు ఎక్కడ పెట్టారు?"

"కుండలో సార్."

"అది చెడిపోయిందా?"

"మీరే చెప్పాల సార్" అంది ఆమె.

అతను సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. కాసేపు చూశాడు. "చెప్పలేం. పారేద్దాం" అన్నాడు. కొత్తవి రాసిచ్చాడు. తిట్టలేదు. ఫ్రిజ్ పోయినరోజే వచ్చి ఉంటే అప్పుడే ఇచ్చేవాళ్ళమన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

రెండోరోజు మధ్యాహ్నం బృంద నీళ్ళడిగింది.

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో వసంతి అత్త పక్కన కూర్చుంది. ఇసక్కిపాండి ఒక నంబరు ఇచ్చాడనీ, వినియోగదారులు ఫిర్యాదు చేసుకునే నంబరు అనీ, తాను ఫోన్ చేశాననీ చెప్పింది.

"ఏమన్నారు?"

"బిల్లు లేకపొయినా రాయొచ్చంట. బిల్లు ఇయ్యకుండా అమ్మేదే అంగడివాడి తప్పంట. మొదట కంపెనీకి, ఫ్రిజ్జు వెనకాల ఉండే నంబరు పెట్టి రాయాలంట. ఏ అంగడికి పంపించినారో వాళ్ళ దగ్గర ఉంటుందంట. దానికీ కాకపోతే కోర్టులాంటిది ఉండాది, మనముండే జిల్లాలోనే వేసుకోవచ్చంట. విరుదునగరం పోయే పని లేదు. వకీలు కూడా ఒద్దంట."

రాజమ్మాళ్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మనోళ్ళ మీద రాస్తే, రేపు మంచికీ చెడ్డకీ ఎవురు వస్తారమ్మీ?"

"ఇప్పుడెవురు వచ్చినారత్తా?"

వార్డు తలుపులోంచి బృంద కాలు కనిపిస్తోంది. దుప్పటి కింద వేళ్ళు కదిలాయి.

"నాకు బయంగా ఉండాది" అంది రాజమ్మాళ్.

"నాకూ."

"ఆడ కొన్నామని చూపించేదానికి ఏమన్నా కావాలన్నారా?"

"కావాలన్నారు. మన దగ్గరేముండాది?"

రాజమ్మాళ్ దుప్పటి కింద కదిలే ఆ వేళ్ళనే చూసింది. తర్వాత అంది: "చెంబుండాది."

వాళ్ళ ఇంట్లో దాచిన కాగితాలు తక్కువ. పాత్రలు ఎక్కువ. ఎవరు ఏ పాత్ర ఇచ్చినా మర్నాడే రాజమ్మాళ్ దాన్ని పాత్రల అంగడికి తీసుకెళ్ళి ఇచ్చినవాళ్ళ పేరు, రోజు చెక్కిస్తుంది. కొడుకు పెళ్ళికి వచ్చిన బిందెలన్నిటి మీదా పేర్లున్నాయి. ఆ పేర్లు చూసే తిరిగి ఎవరికి ఏం పెట్టాలో తెలుసుకుంటుంది. వెంకటరామన్ ఇచ్చిన చెంబు మెడ చుట్టూ అతని అంగడి పేరు, ఊరు అచ్చు వేసే ఉన్నాయి. దాని కింద ఆమె తమిళ అక్షరాల్లో చెక్కించింది: ఆవణి పన్నెండు, ఫ్రిజ్ కొన్ననాడు, వెంకటరామన్ మర్యాద.

వసంతి ఫ్రిజ్‌ను గోడ నుంచి జరిపి వెనక నంబరుకు ఫోటో తీసింది. చెంబును వెలుతురులో తిప్పి తిప్పి నాలుగు ఫోటోలు తీసింది. అన్నీ కంపెనీకి, ఫిర్యాదు చేసిన చోటుకీ పంపింది. బిల్లు ఇవ్వలేదని కూడా రాసింది. రాస్తుంటే రాజమ్మాళ్ గడపలో కూర్చుని వీధి చూసింది. మనవాళ్ళు ఎవరైనా వస్తున్నారేమో అన్నట్టు.

బృంద ఇంటికి వచ్చింది. వాడే సీసా కుండలో, మిగిలినవి ఆస్పత్రి దగ్గర మందుల అంగట్లో. డాక్టరు చెప్పిన ఏర్పాటు. వారానికోసారి వాడే సీసా మార్చమన్నాడు. రాజమ్మాళ్ రోజంతా కుండ పక్కనే ఉంది. బృంద నిద్రపోతే ఊపిరి చూసింది. ఎక్కువసేపు నిద్రపోతే లేపింది.

"అవ్వా, నన్ను నిద్రపోనీవా?"

"కండ్లు తెరిసి ఒకతూరి మాట్లాడు. మల్లా నిద్రపో."

ఫిర్యాదు పంపిన పదమూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. వసంతి పనిలో ఉంది. రాజమ్మాళ్ ఎత్తింది.

"పెద్దమ్మా, నేను, వెంకటరామన్."

తెలుగు. మొదటి రోజు విన్నంత మెత్తగా.

"పాపకు ఒంట్లో బాగుండాదా పెద్దమ్మా? నాకిప్పుడే తెలిసింది. కంపెనీ వాళ్ళు నన్ను అడగతా ఉండారు. మనలో మనకు ఈ రాతలెందుకు? ఫిర్యాదు వాపసు తీసుకునేసినామని ఒక మాట చెప్పండి. రేపే మనిషిని పంపిస్తా. మనం మనం ఒకటి గదా."

కాదంటే ఎవరినీ పంపడేమో. అవునంటే అప్పుడూ పంపడేమో. ఏది మంచిదో ఏది చెడిందో, వినడానికి రెండూ ఒకేలాగా ఉన్నాయి. ఆమె వంటింట్లో కుండ వైపు చూసింది. బృంద పుస్తకం మూసి ఆమెనే చూస్తోంది.

ఆమె తమిళంలో మాట్లాడింది. అగ్గిపెట్టెల కంపెనీలో మేనేజరుతో మాట్లాడినట్టు, నిదానంగా, ఒక్కొక్క మాట.

"ముందు బిల్లు పంపించండి సార్. కొన్న తేదీతో, ముద్రతో. అది వచ్చాక ఫ్రిజ్ బాగు కావాలి. బాగయ్యాక మా కోడలు రాస్తుంది."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఏంది పెద్దమ్మా, నాతో అరవంలో మాట్లాడతావు?"

"బిల్లు పంపించండి సార్" అంది ఆమె మళ్ళీ. ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎవురవ్వా అది?"

"అంగడాయన."

నాలుగు రోజులకు బిల్లు తపాలాలో వచ్చింది. ఆవణి పన్నెండుకు సరిపోయే ఇంగ్లీషు తేదీయే రాసి ఉంది. దానితో ఉత్తరం లేదు. మరో ఐదు రోజులకు కంపెనీ మనుషులిద్దరు వచ్చి, వెనక నంబరు సరిచూసుకుని, కంప్రెసర్ మార్చి వెళ్ళారు. డబ్బు అడగలేదు. వెళ్ళేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే రాజమ్మాళ్ వసంతి వచ్చేదాకా వాళ్ళను కూర్చోబెట్టింది. వసంతి రెండుసార్లు చదివాకే పెట్టింది.

ఆ తర్వాత నెలలో పెళ్ళొకటి జరిగింది. విరుదునగర్ వైపు మనవాళ్ళది. రాజమ్మాళ్ ఇంటికి పిలుపు రాలేదు.

రాజమ్మాళ్ ఇప్పుడు కూడా లేవగానే ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడుతుంది. వణుకు తెలుస్తుంది. చెయ్యి తీసి, మళ్ళీ పెడుతుంది. తర్వాత మర్యాద చెంబుతో నీళ్ళు ముంచుకుని, వంటింటి మూలకు వెళ్ళి, ఖాళీ కుండలో ఇసుక తడుపుతుంది.

"అవ్వా, అది నడస్తా ఉండాది గదా" అంటుంది బృంద.

"నడవనీ."

ఆమె చెంబు వంచి, ఇంకొన్ని నీళ్ళు పోస్తుంది.